నా పేరు పెట్టుకున్నది

నేను ఒక లైబ్రరీని. పుస్తకాలుండేది కాదు, సాఫ్ట్‌వేర్ లైబ్రరీని. కాకినాడలోని ఒక అంబులెన్స్ కాల్ సెంటర్లో, లినక్స్ సర్వర్లో ఉంటాను. ఫైలు తెరవాలన్నా, టైము చూడాలన్నా, ఫోను అందుకోవాలన్నా ప్రతి ప్రోగ్రామూ నా చేతిమీదుగా వెళ్లాల్సిందే. నన్ను రాసినవాళ్లు ఎక్కడెక్కడివాళ్లో! కొందరు జీతం కూడా తీసుకోలేదు. ఇక్కడ మాత్రం నన్ను ఒక్కరూ పలకరించలేదు. సరిగ్గా పనిచేసేదాన్ని మనుషులు పట్టించుకోరు.

ఒకరోజు కొత్త లైబ్రరీని తెచ్చి నా పక్కనే పెట్టారు. నాలో దొంగలు దూరే సందు ఉందట. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. నా పనులన్నీ నేర్చుకుని, చివరికి నా పేరే పెట్టుకోవడానికి వచ్చింది.

"పాతదాన్ని చెరిపేసి కొత్తది పెట్టేద్దామాండి?" అన్నాడు ఆపరేటరు ఏసురత్నం.

చెరిపెయ్యి నాయనా, అనుకున్నాను. నేను లేకపోతే కొత్తదాన్ని నా చోట పెట్టే కమాండు కూడా కదలదు. అప్పుడు తెలిసొస్తుంది నేనెవరో.

"కొంప ముంచుతావేంటయ్యా! ఫోన్లన్నీ ఆగిపోతాయి," అంది సర్వర్లు చూసే హైమవతి. "పాతది ఉన్నచోటే ఉండనీ. పేరు మాత్రం కొత్తదానికి మార్చేద్దాం."

క్షణంలో మార్చేసింది. నా పేరు దానిదైపోయింది. ఇక కొత్తగా మొదలయ్యే ప్రతి ప్రోగ్రామూ ఆ పేరు వెతుక్కుంటూ దాని దగ్గరికే పోతుంది. కానీ ఫోను ప్రోగ్రాము ముందునుంచీ నడుస్తోంది కనుక ఇంకా నన్నే పట్టుకుని ఉంది. దాన్ని ఆపి మళ్లీ మొదలుపెడితేనే కొత్తదాని దగ్గరికి పోతుంది.

అంతలో తాళ్లరేవు నుంచి ఒక పెద్దాయన ఫోను. "మా కోడలికి నొప్పులెక్కువైపోయాయండి బాబూ, తొరగా రండి!"

"రీస్టార్ట్ చేసేయనాండి?"

"ఆగు. ఆయన ఫోను పెట్టేదాకా ముట్టుకోకు."

ఇప్పుడు నేను ఒక్కసారి తడబడితే చాలు, కొత్తది వచ్చాకే చెడిందని అందరూ దాన్నే తిడతారు. ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. కానీ ఆ ముసలాయన ఏడుస్తున్నాడు. ఆయన ఊరూ వీధీ చెప్పి, బండి బయల్దేరిందని వినేదాకా నేను ఒక్క మాట జారనివ్వలేదు.

తరవాత ఫోన్లు లేని సమయం చూసి హైమవతి ప్రోగ్రామును ఆపి, మళ్లీ మొదలుపెట్టింది. అది నన్ను వదిలేసి వెళ్లింది. కొత్తది మొరాయిస్తే పనికొస్తానని నన్ను చెరపకుండా ఉంచారు. ఎప్పుడు మొరాయిస్తుందా అని చూస్తూ కూర్చున్నాను.

కొత్తదానికి వచ్చిన మొదటి ఫోను ఆ పెద్దాయనదే.

"మనవరాలండీ! బండిలోనే పుట్టేసిందండీ! ఇద్దరూ బాగున్నారు!"

గదంతా చప్పట్లు కొట్టారు. ఆయన ఏడుపు నేను మోశాను. మనవరాలి కబురు దానికి దక్కింది.