సాయంత్రం ఐదింటి కత్తెర

నేను ఇంట్లో కూర్చుని ఇతరుల ఇళ్లకు ప్లాన్లు గీస్తాను. ఏ గదిలోకి ఏ వేళ ఎండ వస్తుందో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటే ఎవరి మోచెయ్యి ఎక్కడ తగులుతుందో ముందే చెప్పగల మనిషినని నాకు పేరుంది. ఆ పేరు పెట్టుకున్నది నేనే అనుకోండి. అలాంటివాడికి మా ఆవిడ ఒక చిన్న పని అప్పజెప్పింది. ఈ ఇంట్లోకి మారిన వారంలో, ముందు గోడ పొడుగునా ఖాళీగా ఉన్న మట్టిని చూసి అంది:

“నేను పొద్దున్నే చీకటుండగా పోతాను. మళ్లీ సాయంత్రం ఏడింటికొస్తాను. రాగానే ఒక్క పువ్వు కనిపిస్తే చాలు నాకు. ఏ పువ్వైనా సరే.”

ఆమె ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. రోజంతా నిలబడే పని. ఇరవై రెండేళ్ల కాపురంలో నాకు ఇది కావాలని ఆమె నోరు తెరిచి అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అడిగినవాటిలో నేను తెచ్చినవి లెక్కపెట్టడానికి వేళ్లతో కూడా పనిలేదు. అందుకని ఈసారి పంతం పట్టాను. కాకపోతే ఆమె నాలుగు మాటలు చెబితే నా చెవిలో పడింది ‘ఒక్క పువ్వు’ అన్నది మాత్రమే. మిగతాది చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

బకెట్టు కొనడానికి నాలుగు దుకాణాలు తిరిగే మనిషిని నేను. పువ్వు అంటే ఇక చెప్పాలా. మూడు నెలలు చదివి డేలిల్లీల దగ్గర ఆగాను. గడ్డిలా పొడుగాటి ఆకులు, మధ్యలోంచి ఒక కాడ, కాడకు పది పదిహేను మొగ్గలు. ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది. అది వాడిపోతే మర్నాడు పక్క మొగ్గ విచ్చుకుంటుంది. మట్టి ఎలాంటిదైనా, పెంచేవాడు ఎలాంటివాడైనా బతికే మొండి మొక్క అని రాసి ఉంది. ఆ చివరి మాటతో నాకు గురి కుదిరింది.

తరవాత గ్రాఫు కాగితం మీద పట్టిక గీశాను. ఎత్తు ఎంత, రంగు ఏది, ముందు పూసేదా చివర పూసేదా, పువ్వు వెడల్పు, పువ్వు లోపలి గొంతు రంగు, రేకు అంచుకు కుచ్చు ఉందా లేదా. మొత్తం పదకొండు గడులు. రంగు పెన్సిళ్లతో నింపాను. ఆ రోజుల్లో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన తన ప్లాను కోసం వచ్చి, బల్ల మీద ఈ పట్టిక చూసి, తన స్నానాల గది ఊదారంగులో ఎందుకుందని అడిగాడు.

ఆ పట్టిక చుట్ట చుట్టుకుని నర్సరీకి వెళ్లాను. నర్సరీ పెద్దాయన మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నా చేతికే ఇచ్చేశాడు.

“ఎవరు చూస్తారండీ వీటిని? ఏ వేళప్పుడు?” అని అడిగాడు.

పట్టిక అర్థంకాని మనిషిలా ఉన్నాడే అని జాలిపడ్డాను. “పువ్వులన్నాక పగలే కదండీ చూసేది. నేను ఇంట్లోనే ఉంటాను. మా ఆవిడ డ్యూటీ నుంచి ఏడింటికొస్తుంది. అది సరేగానీ, ఈ ఊదారంగుదానికి అంచు కుచ్చు నిజంగా ఇంత ఉంటుందా?”

ఆయన నా మొహంకేసి ఒకసారి చూశాడు. నేను అడిగిన పధ్నాలుగు రకాలకూ పిలకలు తవ్వి, చీటీలు కట్టి ఇచ్చాడు. వచ్చేస్తుంటే ఆగమని, ఓ మూలకు వెళ్లి ఇంకో పిలక పెరికి పాత పేపర్లో చుట్టి తెచ్చాడు.

“ఇది ఊరికే తీసుకెళ్లండి. నిమ్మపండు రంగు, సన్న రేకులు, నడుమెత్తు పెరుగుతుంది. సాదాగా ఉంటుంది, ఎవరూ అడగరు. కానీ సాయంత్రం పూట ఇది...”

“ఎరువు పదిహేను రోజులకోసారా, నెలకోసారా?” అని నేను అడ్డుపడ్డాను. ఆయన నెలకని చెప్పి ఊరుకున్నాడు.

ఇంటికొచ్చి స్కేలు పెట్టి, మొక్కకూ మొక్కకూ ఒకటిన్నర అడుగు దూరం కొలిచి నాటాను. ఊరికే వచ్చినదానికి నా ప్లానులో చోటు లేదు. నిమ్మపండు రంగట, సన్న రేకులట, పైగా నడుమెత్తు పెరుగుతుందట. పారేయడానికి చేతులు రాక, ఇంటి వెనక బాత్రూము నీళ్ల గొట్టం దగ్గర, మా ఆవిడ బండి పెట్టుకునే గోడ మూల గుచ్చేశాను. దానికి చీటీ కూడా కట్టలేదు.

మొదటి ఏడాదే ముందు మడి కళకళలాడిపోయింది. నా గీతల బల్ల కిటికీ పక్కనే ఉంటుంది కాబట్టి పగలంతా చూస్తూ కూర్చునేవాణ్ణి. ఎనిమిదింటికి ఎర్రవి, తొమ్మిదింటికి గులాబీ రంగువి, ఎండ ఎక్కేసరికి కుచ్చుల ఊదారంగుది కాస్త బింకంగా. ప్లాన్ల కోసం వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకునేవారు. నేను ప్రతిదాని పేరూ, ఎత్తూ చెప్పేవాణ్ణి. కొందరు తరవాత ప్లాన్లు వేరేచోట గీయించుకున్నారు.

సాయంత్రానికి ఈ పువ్వులన్నీ ముడుచుకుని, తడిసిన కాగితంలా కాడకు అంటుకుపోతాయి. వాటిని అలాగే వదిలేస్తే మర్నాటి మొగ్గలు సరిగా విచ్చుకోవని చదివాను. అందుకని సరిగ్గా ఐదింటికి కత్తెర పట్టుకుని బయల్దేరేవాణ్ణి. ఒక్క పీలిక మిగలకుండా తుంచి, బకెట్టు తీసుకెళ్లి వెనక ఎరువు గుంతలో పారబోసేవాణ్ణి. ఆవిడ వచ్చేసరికి శుభ్రంగా ఉండాలని నా తాపత్రయం.

ఆవిడ ఏడింటికి వచ్చేది. వెనక గేటు దగ్గర బండి చప్పుడు ఆగాక, పది నిమిషాలకు గానీ లోపలికి వచ్చేది కాదు. బండికి కవరు కప్పుతోందేమో, ఫోన్లో మాట్లాడుతోందేమో అనుకునేవాణ్ణి. లోపలికి రాగానే నా ఫోను ఆమె ముక్కు దగ్గర పెట్టేవాణ్ణి.

“ఇవాళ ఇరవై ఆరు పూశాయి. ఇది చూడు, గొంతు పచ్చన.”

“బాగున్నాయి,” అనేది. పరీక్ష రిపోర్టులో అన్నీ సరిగా ఉన్నాయని చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు అలాగే ఉంటుంది. సెలవు రోజున పగటిపూట చూసినా అదే మాట, అదే గొంతు.

తప్పు రకాల ఎంపికలో ఉందని తేల్చుకున్నాను. రెండో ఏడు ఇంకో ఆరు తెచ్చాను. పదహారు గంటలు నిలిచే పువ్వని కేటలాగులో ఉన్న రకం కూడా తెప్పించాను. అది నిజంగానే పదహారు గంటలు నిలిచింది. తెల్లవారుజామున రెండింటికి విచ్చుకుంటే పాపం అది మాత్రం ఏం చేస్తుంది. ఒకరోజు ఊదారంగు పువ్వును గ్లాసులో పెట్టి ఫ్రిజ్‌లో దాచాను. ఆవిడ మంచినీళ్ల కోసం తలుపు తీసి, అందులో నల్లగా ముడుచుకున్నదాన్ని చూసి, ఎలుక ఎలా దూరిందని అడిగింది.

ఆ సీజను సగంలో ఉండగా ఒక సాయంత్రం మామూలుగా చెప్పింది.

“ముందు జాగాలో టైల్స్ వేయిద్దామండీ. మీ నడుంనొప్పైనా తగ్గుతుంది. తమ్ముడికి చెప్పాను.”

ఆమె అడిగింది ఒక్క పువ్వు. ఇరవై రకాలు తెచ్చి కూడా ఆ ఒక్కటీ ఇవ్వలేకపోయానన్నమాట. రంగు పెన్సిళ్ల పట్టిక మీద నాకు మొదటిసారి అసహ్యం వేసింది. ఇక పంతం మాట పోయి, ఆమె నన్ను ఏదైనా అడగడమే మానేస్తుందేమోనన్న భయం పట్టుకుంది.

బావమరిదికి టైల్స్ పని. శనివారం మధ్యాహ్నం టేపు పట్టుకుని వచ్చాడు. విరగబూసిన మడిని చూసి తల గోక్కున్నాడు.

“ఇంత పెట్టి కూడా అక్క చేత ఒక్క మంచి మాట అనిపించుకోలేకపోయావా బావా.”

“మీ అక్కకి పువ్వులంటే ఇష్టం పోయినట్టుందిరా.”

“ఏమో మరి. ముందు మాత్రమే కొలవమంది. వెనక్కి అడుగు పెట్టావంటే ఊరుకోనంది.”

ఎరువు గుంత దగ్గర నా చేతగానితనం తమ్ముడి కంట పడకూడదని కాబోలు, ఎంతైనా కట్టుకున్నవాణ్ణి కదా అని నా కళ్లు చెమ్మగిల్లాయి. బావమరిది సోమవారం వస్తానని వెళ్లిపోయాడు.

ముందు మడిలోవి తొట్లలోకి మార్చి, వెనక గోడ మూల వరసగా పెడదామనుకున్నాను. ఆ చోటు ఖాళీ చేయాలంటే ముందు ఆ ఊరికే వచ్చినదాన్ని తీసేయాలి. రెండేళ్లలో అది నాకు ఒక్క పువ్వు చూపించలేదు. ఐదుంపావుకు బకెట్టుతో వెళ్లినప్పుడల్లా దానికి లావుపాటి మొగ్గలో, ఎప్పటివో ముడుచుకున్న పీలికలో ఉండేవి. మొగ్గ దశలోనే చచ్చే రోగమేదో ఉందనుకున్నాను. నాలుగింటికి పార తీసుకుని నాలుగు పోట్లు వేసి, కాడలతో సహా పెకిలించి, ఎరువు గుంతలో పడేశాను. ఐదింటికి ముందువి తుంచి ఆ బకెట్టు కూడా పక్కనే పారబోశాను.

ఏడింటికి బండి చప్పుడు ఆగింది. ఆ రోజు పది నిమిషాలు పట్టలేదు. నిమిషంలో వెనక తలుపు తెరుచుకుంది. భుజాన సంచీ, తల మీద హెల్మెట్ కూడా తీయలేదు.

“ఇక్కడ పువ్వేదండీ?”

రెండేళ్లలో ఆమె తనంతట తాను పువ్వు గురించి అడగడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది. “ముందు చూడు, రేపటికి ఊదారంగుది మూడు మొగ్గలు...”

“ముందువి కాదు. నీళ్ల గొట్టం దగ్గరది.”

“అదా? అది పువ్వెక్కడ పూసింది?”

“రోజూ పూస్తుంది,” అంది. “నేనొచ్చే వేళకి విచ్చుకుంటుంది. రెండేళ్ల నుంచీ.”

ఆ పది నిమిషాలు ఎక్కడికి పోయేవో అప్పుడు తెలిసింది. నర్సరీ పెద్దాయన ఏం చెప్పబోయాడో, నేను ఎరువు మాట ఎత్తి ఏం చెప్పనివ్వలేదో కూడా తెలిసింది. నా పట్టికలో పదకొండు గడులున్నాయి. ఎన్ని గంటలకు పూస్తుందన్న గడి లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన మనిషిని చూసి నవ్వుతాం గానీ, ఆ పిల్లను దింపి చెత్తలో పడేసి వెతికినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

గుంత దగ్గరికి వెళ్లాం. ఇంకా కాస్త వెలుగుంది. నేను పారబోసిన ఎర్రవీ ఊదావీ అన్నీ ఒకే గోధుమరంగు ముద్దగా ఉన్నాయి. వాటి పక్కన ఆ మొక్క వేళ్లు బయటపెట్టుకుని ఒరిగి పడి ఉంది. దాని కాడకు రెండు పువ్వులు, సన్నగా, లేత పసుపుగా, తమ వేళకు తాము విచ్చుకుని ఉన్నాయి. మంచి వాసన వేస్తోంది. అది వాసన వేస్తుందని కూడా నాకు తెలియదు.

ఆవిడ గుంత అంచున వంగి ఆ రెండు పువ్వులనే చూస్తోంది. తిట్టినా బాగుండేదనిపించింది. నేను గుంతలోకి దిగి రెండు చేతులతో దాన్ని ఎత్తాను.

“ఎందుకు చెప్పలేదు నాకు?” అన్నాను, ఎక్కడో ఒకచోట తప్పు ఆమెది కూడా ఉండాలన్న ఆశతో.

“చెప్తే దానికి చీటీ కడతారు. ముందుకు తెచ్చి వరసలో పెడతారు. ఐదింటికల్లా కత్తెర పట్టుకుంటారు.”

మూడూ నిజమే. తవ్విన చోటే మళ్లీ గుంట తీసి నాటాను. ఆవిడ హెల్మెట్ తీసి పక్కన పెట్టి, కుళాయి దగ్గర నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి పోసింది.

“బతుకుతుందా?” అని అడిగింది. ఆమె గొంతు రిపోర్టు చదివే గొంతులా లేదు.

“బతుకుతుంది. పెంచేవాడు ఎలాంటివాడైనా బతుకుతుందని రాసుంది.”

“అది రాసినవాళ్లు మిమ్మల్ని చూడలేదు,” అంది. కానీ కాస్త నవ్వింది. “ముందు జాగాలో టైల్స్ వద్దని తమ్ముడికి చెప్పండి. పగలంతా మీకు కాలక్షేపం ఏముంటుంది.”

మర్నాడు ఆదివారమైనా ఆమెకు డ్యూటీ పడింది. ఐదింటికి ముందువి తుంచి, ఐదుంపావుకు వెనక్కి వెళ్లాను. ఆకులు వాలిపోయి ఉన్నాయి, కాడ మాత్రం నిలబడే ఉంది. ఒక మొగ్గ లావెక్కింది. దాని పక్కన నిన్నటి రెండు పీలికలు వేలాడుతున్నాయి. కత్తెర జేబులోంచి తీయలేదు. రెండు స్టూళ్లు తెచ్చి గోడ పక్కన వేసుకుని కూర్చున్నాను. ఆరున్నరకి మొగ్గ పైన చిన్న చీలిక వచ్చింది. బండి చప్పుడు ఆగేసరికి రేకులన్నీ విడిపోయాయి.

ఆవిడ వచ్చి రెండు స్టూళ్లనూ, నన్నూ చూసింది.

“కూర్చోవచ్చా?” అన్నాను, కూర్చునే ఉండి.

“కూర్చోండి. కానీ ఏమీ చెప్పొద్దు.”

ఆ రకం పేరేమిటో పొద్దున్నుంచి కేటలాగులు తిరగేసి పట్టుకున్నాను. ఎత్తు కూడా కొలిచాను. అన్నీ మింగేసి ఊరుకున్నాను. ఆవిడ చెప్పులు విడిచి పాదాలు చల్లటి గచ్చు మీద ఆనించింది. ఇద్దరం ఆ ఒక్క పువ్వునే చూస్తూ కూర్చున్నాం. పది నిమిషాలు అయ్యుంటుంది, ఆమే మాట్లాడింది.

“ఇవాళ కాళ్లు బాగా లాగేస్తున్నాయండీ,” అంది. ల్యాబులో ఎవరు రాలేదో, ఎవరి పని తన మీద పడిందో, ఏ పేషెంటు రిపోర్టు చూసి తనకు బాధేసిందో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. రోజూ ఇవన్నీ మోసుకునే ఇంటికి వస్తోందని నాకు తెలియదు. చెప్పడం అయ్యేదాకా నేను మధ్యలో అడ్డుపడలేదు.