రెండు ఉత్తరాల్లో ఒకే వాక్యం

"నీకైతే పది నిమిషాల పని, కోరీ," అన్నాడు డేల్. ఆదివారం మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే, ఆరుగురు పిల్లల పేర్లున్న కాగితం వాషింగ్ మెషీన్ మూత మీద పెట్టి, తన కుస్తీ జట్టు వీడియోలు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఒక్కో ఉత్తరానికి నాకు గంటన్నర పడుతుంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

మా పిల్లలు కాలేజీకి దరఖాస్తు పెట్టుకోవాలంటే ఇద్దరు టీచర్లు వాళ్ళ గురించి ఉత్తరాలు రాయాలి. మార్కుల గురించి కాదు, మనిషి గురించి. వాటిని పిల్లలు చూడరు, నేరుగా కాలేజీకే వెళతాయి. నేను పదకొండో తరగతికి అమెరికన్ సాహిత్యం చెబుతాను. పిల్లలు తమ మనసులో మాట కాగితం మీద పెట్టేది నా క్లాసులోనే కాబట్టి, మరుసటి ఏడు అక్టోబరు వచ్చేసరికి అందరూ నా దగ్గరికే వస్తారు. డేల్ అదే స్కూల్లో చరిత్ర చెబుతాడు, కుస్తీ జట్టుకు కోచ్. కాన్సస్‌లో ఈ మూల ఊళ్ళో కోచ్ సంతకమంటే పిల్లలకు గొప్ప. "ఎందుకు రాయనూ, తప్పకుండా రాస్తా," అని భుజం తట్టి పంపిస్తాడు. రాసేది నేను.

ఒక ఏడు ఆయన చెయ్యి విరిగి కట్టులో ఉంటే రాసిపెట్టాను. కట్టు విప్పేశారు, పని మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పటికి పదకొండేళ్ళు. ఒకసారి థాంక్స్‌గివింగ్ పండుగ భోజనాల దగ్గర మాటవరసకు ఆ సంగతి ఎత్తితే, మా అత్తగారు వెర్నా టర్కీ ముక్క కోస్తూ, "వాడికి చిన్నప్పట్నించీ కాగితాల పని పడదు. నువ్వు చదువుకున్నదానివి, నీకదో లెక్కా?" అంది. నేను దాన్ని మెప్పు అనుకుని గ్రేవీ అందించాను. ఎంత తెలివితక్కువదాన్నో.

ఆయన గొంతుతో రాయడం నాకు బాగా పట్టుబడింది. చిన్న చిన్న వాక్యాలు, ఎక్కడో ఒకచోట కుస్తీ మాట, చివర్లో కాస్త తండ్రి ప్రేమ. ఏ పిల్లవాడు తమ్ముణ్ణి బడికి దింపి పరుగెత్తుకుంటూ వస్తాడో, ఏ పిల్ల నవ్వించి తప్పించుకుంటుందో ఆ ఉత్తరాల్లో కోచ్ కనిపెడతాడు. ఉత్తరాలు పంపేది మా కౌన్సెలర్ గ్లెండా. ఓసారి కాఫీ దగ్గర నన్ను ఆపి, "మీ ఆయన పైకలా కనిపిస్తాడు గానీ, ఎంత సున్నితమైన మనిషో ఆ ఉత్తరాలు చదివితే తెలుస్తుంది. అదృష్టవంతురాలివి," అంది. నాకు నవ్వొచ్చింది, కాసేపటికి ఏడుపొచ్చింది. ఆ ఉత్తరాల్లో మనిషి నాకూ ఇష్టమే. అలాంటి మనిషి రోజూ సాయంత్రం ఇంటికొస్తే, నా ముఖం చూసి ఈ రోజు ఏమైందని అడిగితే ఎంత బాగుండును. నేను ఆ మనిషిని తయారుచేసి కాలేజీలకు పంపిస్తూ ఉన్నాను.

డేల్ ఆ పేర్ల కాగితం ఇచ్చిన వారమే క్లాసులో నేనొక ఆట పెట్టాను. ఏటా పెడతాను. రచయిత పేరు లేని పేజీలు చేతికిచ్చి, రాసింది ఎలాంటి మనిషో గొంతును బట్టి చెప్పమంటాను. నూట యాభై ఏళ్ళ కిందట మన దేశంలో ఎందరో ఆడవాళ్ళు పేరు పెట్టుకోకుండా, కొందరు మగ పేర్లతో రాశారని చెప్పాను. వెనక బెంచీలోంచి టెస్ అనే పిల్ల, "అంత కష్టపడి రాసి ఊరుకున్నారా? సిగ్గులేదా వాళ్ళకి?" అంది. అందరూ నవ్వారు. "వాళ్ళకు వేరే దారి లేదు," అన్నాను పాఠం చెప్పే గొంతుతో. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి డేల్ కాగితంలో మిగిలిన రెండు ఉత్తరాలు రాసి, ఆయన పేరు పెట్టి గ్లెండాకు పంపించాను.

మూడు వారాలకు గ్లెండా నన్ను తన గదికి పిలిచింది. తలుపు వేసి రెండు కాగితాలు ముందు పెట్టింది. రెండూ రోసాల్బా గురించినవి, ఒకటి నాది, ఒకటి డేల్‌ది. రోసాల్బా కిందటేడు మా ఇద్దరికీ విద్యార్థి. వాళ్ళమ్మ మాంసం ఫ్యాక్టరీలో కోత పని చేస్తుంది. ఆ ఇంట్లో కాలేజీ మెట్టెక్కబోయే మొదటి మనిషి ఈ పిల్ల. పక్క రాష్ట్రంలో ఒక మంచి కాలేజీ పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చేలా ఉంది. గ్లెండా రెండు కాగితాల్లోనూ ఒకేచోట వేలు పెట్టింది. "ఈ అమ్మాయి తనకు తెలియనిది తెలియదని చెప్పడానికి ఎన్నడూ సిగ్గుపడలేదు, తెలిసేదాకా నన్ను వదిలిపెట్టనూ లేదు." రెండు ఉత్తరాల్లో ఒక్క అక్షరం తేడా లేదు.

నా ఉత్తరం రాసిన పూటే డేల్‌ది కూడా రాశాను. ఆ వాక్యం నాకు నచ్చింది. అలసిపోయిన చెయ్యి మళ్ళీ అదే రాసేసింది.

"కాలేజీవాళ్ళు ఈ రెండూ ఆ పిల్లే రాసుకుంది, మీరు సంతకాలు పెట్టారు అనుకుంటున్నారు. ఫైలు పక్కన పెట్టేశారు. శుక్రవారంలోగా మీరే ఫోన్ చేసి ఏదో ఒకటి చెప్పాలి. లేకపోతే స్కాలర్‌షిప్ సంగతి మరిచిపోవాల్సిందే," అంది గ్లెండా. ఏం జరిగిందో ఆమెకు అర్థమైపోయిందని ముఖం చూస్తే తెలిసింది. నన్ను అడగలేదు. ఆ జాలి నాకు మంటపుట్టించింది.

డేల్ వంటింట్లో నిలబడి సాండ్‌విచ్ తింటూ విన్నాడు. "దీనికింత కంగారెందుకు? పిల్లలు తమ గురించి రాసిచ్చే కాగితం ఉంటుంది కదా, అందులోంచి తీసుకున్నామని చెప్పు. ఇద్దరం ఆ కాగితమే చూశాం, సరిపోతుంది."

"ఆ పిల్ల అలా రాయలేదు. రాసిందంటే, తనను తను పొగుడుకుని మన చేత సంతకం పెట్టించుకుందనుకుంటారు."

"చిన్నపిల్ల, ఎవరూ ఏమీ అనుకోరు. వచ్చే నెల్లో నన్ను ఆటల డైరెక్టర్ చెయ్యాలా వద్దా అని స్కూలు బోర్డు కూర్చుంటోంది. నా ఉత్తరాలు నా పెళ్ళాం రాస్తుందని ఇప్పుడు బయటపెడతావా? కాస్త బుర్ర పెట్టి ఆలోచించు, కోరీ." సాండ్‌విచ్ ప్లేటు సింకులో పెట్టి వెళ్ళాడు. నేను దాన్ని కడిగాను. కడుగుతున్నానని తెలిసి కూడా కడిగాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టాక రోసాల్బా నా గదికొచ్చింది. అన్నం తిన్నట్టు లేదు.

"నేను రాయలేదు మిస్. నాకసలు వాటిలో ఏముందో కూడా తెలీదు. నిన్న మిస్ గ్లెండా రెండింట్లోనూ ఉన్న ఆ ఒక్క ముక్క చదివి, ఇది నువ్వే రాశావా అని అడిగింది."

"నువ్వు రాయలేదని నాకు తెలుసు."

"అమ్మకి ఇంకా చెప్పలేదు. చెబితే పని మానేసి ఇక్కడికొచ్చి కూర్చుంటుంది." నా బల్ల అంచు గోకుతూ అంది, "కోచ్ నాతో ఏడాది మొత్తం పది మాటలు మాట్లాడి ఉంటారు. అయినా నా గురించి అంత కనిపెట్టారు. మీ ఇద్దరూ వేరువేరుగా ఒకటే అనుకున్నారేమో మిస్. భార్యాభర్తలు కదా, అలా జరగొచ్చు కదా? వాళ్ళకి అది చెబితే నమ్మరా?"

ఇరవై రెండేళ్ళ నా కాపురం గురించి అంత మంచిగా ఇంతవరకు ఎవరూ అనుకోలేదు. ఆ పిల్ల వెళ్ళాక తలుపు వేసుకుని, తెచ్చుకున్న సూప్ డబ్బా మూత తియ్యకుండా కూర్చున్నాను. ఈ ఊళ్ళో నాకు ఫోన్ చేసి ఇది చెప్పుకోగలిగిన మనిషి ఎవరా అని వెతికాను. మా అక్క ఒరెగన్‌లో ఉంటుంది, "పోనీలే, నీ మొగుడేగా," అంటుంది. స్టాఫ్ గదిలో అందరూ కోచ్ మనుషులే. నా బాధ రాత్రిళ్ళు నేను దిద్దే వ్యాసాలకు తెలుసునేమో, ఇంకెవరికీ తెలియదు.

లేచి కెమిస్ట్రీ గదికి వెళ్ళాను. రోసాల్బాకు రెండేళ్ళు పాఠం చెప్పిన మిసెస్ ఓకర్‌లండ్ పరీక్ష నాళికలు కడుగుతోంది. "శుక్రవారంలోగా ఆ పిల్లకొక ఉత్తరం కావాలి. మీరే రాయాలి, మీ చేత్తో," అన్నాను. ఆమె నన్ను ఒకసారి పరకాయించి చూసి, "ఈ రాత్రికే రాసిస్తా," అంది.

ఆ తర్వాతి పీరియడ్ నాకు ఖాళీ. కాలేజీకి ఫోన్ చేశాను. అవతల గొంతు మర్యాదగా ఉంది, ఆమె పేరు ఫిలిప్పా అట. నేను దిద్దుకోవడానికి తావు లేకుండా గబగబా చెప్పేశాను. "ఆ రెండు ఉత్తరాలూ నేనే రాశాను. రెండోది మా ఆయన పేరుతో రాశాను. ఆయన పేరుతో వచ్చేవన్నీ పదకొండేళ్ళుగా నేనే రాస్తున్నాను. రోసాల్బాకు ఇందులో ఏ పాపం తెలియదు. ఆ వాక్యం నాది."

అవతల కాసేపు టైపు చేస్తున్న చప్పుడు. "అమ్మాయి తప్పు లేదని రాసుకున్నాను. కెమిస్ట్రీ టీచర్ ఉత్తరం వస్తే ఫైలు మళ్ళీ తెరుస్తాం," అంది. "మరొక్కటి. ఈ పాత ఉత్తరాన్ని పక్కన పెట్టాలంటే మీ భర్త వైపు మాట కూడా మాకు కావాలి. ఈ అమ్మాయి గురించి ఆయన అభిప్రాయం ఏమిటో చెప్పగలరా?"

అలవాటు కొద్దీ నోరు తెరిచాను. ఆయన గొంతులో, చిన్న చిన్న వాక్యాల్లో, జవాబు నాలుక మీదికి వచ్చేసింది కూడా. మింగేశాను. ఆ పిల్ల గురించే కాదు, నా గురించి, మా ఇంటి గురించి, దేని గురించైనా డేల్ ఏమనుకుంటాడో ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. విన్నవన్నీ నేను రాసిపెట్టినవే.

"నాకు తెలియదండీ," అన్నాను. "ఆయన్నే అడగండి. నంబరు రాసుకుంటారా?"