గోడ మీద గురువులు

దేశం కాని దేశంలో, బిషాన్ అనే పేటలో, ఆదివారం తెలుగు బడి నడిచే గదిలో, వెనక గోడకు మూడు వారాలుగా ఓ దుప్పటి వేలాడుతోంది. దాని చాటున ఏదో బొమ్మ తయారవుతోంది. ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో అక్షరాలు దిద్దిస్తున్న లీలావతి గారికి మాత్రం ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

కూపీ లాగితే పిల్లలే బయటపెట్టారు. అయిదువందల ఏళ్ల కిందట ఇటలీలో ఒకాయన గ్రీకు తత్వవేత్తలందరినీ ఒకే గోడ మీద గీసి, కొందరికి తనకు తెలిసినవాళ్ల ముఖాలు పెట్టాడట. ఇప్పుడు శ్రీనాథ్ అంకుల్ దానికి నకలు వేయిస్తున్నాడట, మన టీచర్ల ముఖాలతో. శ్రీనాథ్ బడి కమిటీ కార్యదర్శి, బ్యాంకులన్నీ ఉండే రాఫెల్స్ ప్లేస్‌లో ఉద్యోగి. నవ్వుతూనే పని కానిచ్చుకునే రకం.

ఆవిడ ఇంటికెళ్లి ఫోనులో అసలు బొమ్మ చూసింది. నడుమ ఇద్దరు పెద్దమనుషులు ఠీవిగా నిలబడ్డారు. మెట్ల మీద ఒక ముసలాయన, ఒంటి మీద సరిగా గుడ్డయినా లేకుండా, అందరికీ అడ్డంగా పడి ఉన్నాడు. ఇంకేముంది, అది తనే. నడుమ నిలబడేది టీచరుగా కొత్తగా చేరిన ఆ పిల్ల వర్షితే. నెల రోజులుగా క్లాసులో మూల కూర్చుని నోట్సు రాసుకుంటోంది కదా! అనుమానం పెనుభూతమంటారు, వారమంతా ఆవిడకు అన్నం సయించలేదు.

ఆదివారం తల్లిదండ్రులందరి ముందూ దుప్పటి లాగారు. నడుమ వేలు పైకెత్తి నిలబడ్డది లీలావతి గారే, కళ్లజోడుతో సహా. మెట్ల మీద పడి ఉన్నది శ్రీనాథ్. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. తన పాడుబుద్ధికి ఆవిడకే సిగ్గేసింది.

అంతలో శ్రీనాథ్ వచ్చి శాలువా కప్పాడు. ఆ బరువు భుజాన పడగానే ఆవిడ సిగ్గు ఎగిరిపోయింది. మనవాళ్లు శాలువా ఎప్పుడు కప్పుతారో ఆవిడకు తెలియనిదా? ఎందరు టీచర్లకు తనే కప్పి సాగనంపలేదు!

"వచ్చే ఆదివారం క్లాసు ఎవరిది బాబూ?"

"వర్షిత చూసుకుంటుందండి ఆంటీ. మీరిక రెస్ట్ తీసుకోండి. ఎలాగూ గోడ మీద మీరే ఉంటారుగా."

ఆవిడకు ఏడుపొచ్చింది, దాని వెనకే ఒళ్లు మండింది. శాలువా తీసి, మడత పెట్టి, అతని చేతుల్లోనే పెట్టింది.

"పోయినవాళ్లని ఎక్కించాలి నాయనా గోడకి. నేనింకా ఉన్నాను."

మార్కరు అందుకుని బోర్డు మీద తేదీ వేసింది. వెనక పిల్లలు ఒక్కొక్కరే పుస్తకాలు తెరిచారు. మూల కూర్చున్న వర్షిత కూడా తెరిచింది.