మంచిగైన మనిషి

తిమ్మప్ప మగపువ్వులు కోసి గంపలో వేస్తుంటే ఆవలి సాళ్లలోంచి భార్య రాధమ్మ పాట వినబడుతోంది. నిన్న కేసరాలు గిల్లిపెట్టిన మొగ్గలకు ఇవాళ విచ్చిన పువ్వు రుద్దాలి. విత్తనపత్తి చేనులో ఆ పనికి పొద్దు ఆగదు. ఎండ ముదిరితే పుప్పొడి చస్తుంది.

మాత్రలు వేసుకున్నన్నాళ్లు రాధమ్మ పొద్దెక్కినా లేచేది కాదు. అందుకే పూత మొదలవగానే తిమ్మప్ప వాటిని మాన్పించాడు. ఇప్పుడామె అసలు పడుకోవడమే లేదు. చుక్క పొడవకముందే చేనుకు బయలుదేరుతోంది.

"ఏం తినవెడుతున్నవ్‌రా నీ పెండ్లానికి? ఇద్దరి పని ఒక్కతే చేస్తుంది. జర మా ఇంటామెకు గూడ పెట్టరాదు," అన్నాడు చేనుగల సుదర్శన్.

"ఏం లేదు పటేలా. గోలీలు బంద్ వెట్టిన, గంతే."

"మంచిపని చేసినవ్. అలవాటైతే మనిషి మొద్దయితది."

తిమ్మప్ప నవ్వాడు గాని ఆ పాట మాత్రం అతని చెవిలో ముల్లులా దిగుతోంది. వెనకటిసారి ఆమెకు మతి చెదిరినప్పుడు కూడా పాటతోనే మొదలైంది. చివరికి బావి అంచున ఊరివాళ్లు పట్టుకుని ఇంటికి తెచ్చారు. తాయెత్తులు, ప్రార్థనలు అన్నీ అయ్యాక, గద్వాల దవాఖాన మాత్రలతోనే ఆమె మళ్లీ మనిషయింది.

పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు ఆశా కార్యకర్త రేఖ బాటలో ఆగింది.

"అన్నా, వదిన నిద్రపోతుందా?"

"మంచిగైంది గద, ఇంక నిద్రతోని ఏం పని?"

"నిద్ర లేదంటే మళ్లొస్తున్నట్టే. మంచిగైందని గోలీలు మానద్దని డాక్టరు నీ ముంగటే చెప్పిండు. ఇయ్యాలే తోలుకపో."

"పూత అయిపోనీ రేఖా. పోత."

రేఖ తల అడ్డంగా ఊపుతూ వెళ్లిపోయింది. కృష్ణకు వరద వచ్చినట్టుంది, హోరు చేను దాకా వినిపిస్తోంది.

ఎండ వాలేసరికి రాధమ్మ గట్టున కూర్చుని కంపచెట్టు కొమ్మలకు పువ్వు రుద్దుతోంది. ముళ్లు గీరి వేళ్ల నిండా నెత్తురు.

"అది కంప గదనే."

"దానికి మాత్రం పిల్లలొద్దా?" అంది అతని వైపు చూడకుండానే.

పెండ్లయిన ఇన్నేళ్లలో పిల్లల మాట ఆమె నోట రావడం అదే మొదలు. తిమ్మప్ప వెంటనే సుదర్శన్ మోటారుబండి అడిగి ఇప్పుడే దవాఖానకు తీసుకుపోదామని కొట్టం వైపు ఉరికాడు. బండితో తిరిగొచ్చేసరికి గట్టు మీద ఆమె లేదు.

పాట కూడా లేదు.

బండి అక్కడే పడేసి ఏటి దిక్కు పరుగెత్తాడు. రాధమ్మా అని అరిచిన అరుపు నీళ్ల హోరులో అతనికే వినబడలేదు.

ఒడ్డున బండ మీద, పత్తికొమ్మలు గీరకుండా ఆమె చీర మీద తొడుక్కునే అతని పాత చొక్కా ఉంది. గుండీలన్నీ పెట్టి, చేతులు లోపలికి మడిచి, పెట్టెలో దాచుకునేంత పొందికగా పెట్టి ఉంది. వీపు దగ్గర చెమట ఇంకా ఆరలేదు.