ఆరు వారాల ఈల

ఆ ఇనుప షెడ్డులో ఎవరికి దండం పెట్టినా పెట్టకపోయినా, పై క్రేను నడిపేవాడికి మాత్రం పెట్టితీరాలి. నెత్తిమీదుగా టన్నుల ఇనుము వెళ్తుంటే కింద నిలబడ్డవాడికి భక్తి దానంతటదే పుట్టుకొస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆ క్రేను నడుపుతున్నాయన్ని అందుకే అందరూ ‘పైవాడు’ అనేవాళ్లు. “అంతా పైవాడి దయ” అని కిందివాళ్లు నవ్వితే, ఆయన అద్దాల గదిలోంచి చెయ్యి ఊపేవాడు.

ఇప్పుడా పైవాడికి కింద ఏం జరుగుతోందో కనబడటం లేదు. రెండు కళ్లలోనూ సరిగ్గా నడిమధ్య మసక కమ్మింది. పక్కనున్నవి కనిపిస్తాయి, సూటిగా చూసిందే కనిపించదు. కంపెనీకి తెలియకూడదని ఎక్కడో దూరాన ఉన్న కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే, ఇది తగ్గే జబ్బు కాదని చెప్పి పంపాడు.

ఈ సంగతి బయటపడితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటు, కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఆ నెలాఖరుకి పోతుంది. ఆయన భార్యకు గుండెలో కవాటం పాడైంది. ఆపరేషనుకి వచ్చే నెల పన్నెండున తేదీ ఇచ్చారు. ఇంకా ఆరు వారాలు.

సొంతంగా బీమా కొందామనీ చూశాడు. ఏజెంటు చాలా మర్యాదస్తుడు. “బ్రహ్మాండమైన పాలసీ సార్. జ్వరాలకీ దెబ్బలకీ ఏ ఇబ్బందీ లేదు. మేడంగారి గుండెకి మాత్రం, ముందే ఉన్న జబ్బు కాబట్టి, మూడేళ్లు ఆగాలి” అన్నాడు. మూడేళ్లు ఆగగలిగిన గుండెకి బీమా ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. కడుపు నిండినవాడికి కొసరి వడ్డించి, ఆకలన్నవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టే లెక్క ఇది.

కళ్ల సంగతి ఒక్క బావమరిదికే చెప్పుకున్నాడు. అతను అదే షెడ్డులో కింద నిలబడి కొక్కేనికి బరువులు తగిలిస్తాడు. తల్లి పోతే అక్కే చంకనేసుకుని పెంచింది. ఆ పనికి చేతి సైగలే భాష. సైగలు కనిపించని బావ కోసం అతను ఈల మొదలుపెట్టాడు. ఒకటైతే ఆపాలి, రెండైతే దించాలి, మూడైతే ఎత్తాలి.

“ఆరు వారాలేగా బావా, కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతాయి” అన్నాడు. అన్నాక తానేమన్నాడో తెలిసి నాలిక్కరుచుకున్నాడు.

రెండు వారాలు ఎలాగో గడిచాయి. మూడో వారంలో ఓ మధ్యాహ్నం, దూలం కొక్కేనికి వేలాడుతోంది. బావమరిది దాని కింద వంగి చెక్క దిమ్మలు సర్దుతున్నాడు. రెండు ఈలలు వినిపించాయి. పైవాడు దించాడు.

ఆ ఈలలు వేసింది బావమరిది కాదు. పక్క వరుసలో లారీని వెనక్కి తీయిస్తున్న వాచ్‌మన్. ఎవరో పెట్టిన కేక విని పైవాడు మీట వదిలేసరికి, దూలం బావమరిది వీపుకి జానెడు ఎత్తులో ఊగుతోంది.

ఆయన నిచ్చెన దిగాడు. బావమరిది ముఖంలో నెత్తురుచుక్క లేదు. అయినా చెవి దగ్గరికి వచ్చి, “నా పొరపాటేనని అందరికీ చెప్పేశా. ఎక్కు బావా” అన్నాడు.

“నా వల్ల కాదురా.”

“అక్క కోసం ఎక్కు.”

ఎక్కాడు. చెప్పుకోవడానికే సిగ్గుచేటు గానీ, ఎక్కాడు. ఆ పూట ఇంకో నాలుగు దూలాలు దించాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లి భార్య ముందు కూలబడి అంతా చెప్పేశాడు. ఆవిడ మడతపెడుతున్న బట్టలు ఒళ్లోనే ఉండిపోయాయి. వాడికి తగల్లేదుగా అని మూడుసార్లు అడిగింది.

“నా గుండెకి వాడి వీపు అడ్డం పెట్టారన్నమాట” అంది చివరికి.

భార్య మీద ప్రేమతోనే చేశాడు, అదే ఆయన్ని ఎక్కువ కోసింది.

“రేపే చెప్పేయండి, చూపు ఆనడం లేదని.”

“మరి ఆపరేషను?”

ఆవిడ ఆస్పత్రికి ఫోన్ చేసింది. తేదీ ఈ నెలలోకి జరుపుతారా అని అడిగింది. ఒక్క ఖాళీ కూడా లేదమ్మా అన్నారు. “సరేనండీ, మంచిది” అని ఫోన్ పెట్టేసింది.

అంతలో బావమరిది వచ్చాడు. కాళ్లు కడుక్కోకముందే మొదలుపెట్టాడు. “ఈల వద్దు బావా. నీ గదికి తాడు కట్టి, కిందనుంచి లాగుతా. ఏదో ఒకటి చేద్దాం. పన్నెండు దాకా నువ్వు దిగడానికి వీల్లేదు.”

“పన్నెండు దాకా ఎందుకురా?” అంది అక్క, కంచం పెడుతూ. “ఇప్పుడే ఆస్పత్రితో మాట్లాడాను. ఈ నెల ఇరవై ఎనిమిదికి జరిపారు. మీ బావ రేపే దిగిపోయినా, అప్పటిదాకా బీమా కార్డు ఎలాగూ ఉంటుంది.”

“నిజమా అక్కా?”

“మీ బావని అడుగు.”

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. భార్య ముఖం ఆయనకు మసకగానే ఉంది, కానీ ఆవిడేం అడుగుతోందో తెలుస్తూనే ఉంది.

“అవున్రా. జరిపారు” అన్నాడు.

బావమరిది ఒక్క నిట్టూర్పు విడిచి, కూర్చుని కడుపారా తిన్నాడు. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదట.

అతను వెళ్లాక ఆయన ఆగలేకపోయాడు. “ఇరవై ఎనిమిదిన వాడు ఆస్పత్రికి వస్తానంటేనో?”

“తిడతాడు, ఏడుస్తాడు. అప్పటికి మీరు దిగి పది రోజులవుతుంది” అంది ఆవిడ, తమ్ముడు తిన్న కంచం తీస్తూ. “మళ్లీ ఎక్కమని వాడు కాళ్లు పట్టుకున్నా, కంపెనీవాళ్లు ఎక్కనివ్వరు.”