శాపగ్రస్తుడికి మంచుబండి

క్షమాపణల ఆదివారం పొద్దున్నే అగ్రఫేనా సావ్విష్నా మంచుబండికి గుర్రాలు కట్టించింది. మర్నాటి నుంచి ఈస్టరు ముందటి పెద్ద ఉపవాసాలు. ఈలోగా ఎవరిని నొప్పించి ఉన్నా, వాళ్ల ముందు వంగి క్షమించమని అడగాలి. అడిగినవాళ్లను కాదనకూడదు. ఆమె అప్పటికే వంటమనిషి ముందూ, తాను తిట్టిపోసిన పొరుగావిడ ముందూ వంగి వచ్చింది. ఇక మిగిలింది వలేరియాన్ అంద్రోనొవిచ్ సంగతే.

అతను ఆకులు రాలే కాలం నుంచీ ఈ ఇంటికి వస్తున్నాడు. నల్లకోటు వేసుకుని, కిటికీ దగ్గర నిలబడి, మంచుతుపాను కేసి చూస్తూ నిట్టూరుస్తాడు. తనవల్ల రెండు ప్రాణాలు పోయాయనీ, ఆకాశం తనను వెలివేసిందనీ అంటాడు. ఆ మాటలకే చెల్లెలు ఒలింపియాదా, ఇంట్లో పిలుపుకు లీపా, కరిగిపోయింది. ఉపవాసాలు ముగిశాక పెళ్లి చేయకపోతే అతనితో లేచిపోతానని చెప్పేసింది. తల్లిలేని పిల్లను పెంచిన అగ్రఫేనా కూడా ఒక నిశ్చయానికి వచ్చింది. పాపం కడుక్కోనివాడికి పిల్లనివ్వదు. కడుక్కుంటే ఇస్తుంది. దేవుడు క్షమించినవాణ్ణి కాదనడానికి తానెవరు?

"రండి బాబూ. వేడిగా రెండు అట్లు తినండి, పెన్జా వెళ్దాం," అంది అతను గుమ్మంలో అడుగు పెట్టగానే.

"పెన్జాకా? దేనికండీ?"

"మీ మూలంగా ఏట్లో దూకిన పిల్లది ఆ ఊరే అన్నారుగా. వాళ్లమ్మ ముందు వంగుదురు గాని. పక్కన నేనుంటా, భయపడకండి."

వలేరియాన్ చేదుగా నవ్వాడు. "నాకు క్షమాపణ లేదు. నరకం సైతం నన్ను చూసి మొహం తిప్పుకుంటుంది."

"నరకానికి అంత పట్టింపేమిటండీ! ఆ సంగతి ఫాదరు గారు చూసుకుంటారు. మీరు టోపీ పెట్టుకోండి."

"అక్కా, ఆయన మనసుకు గాయమైంది!" అంది లీపా.

"అయితే ఆ గాయం మానొద్దుటే పిల్లా?"

"ఆ తల్లి కూడా... పోయింది," అన్నాడతను.

"అయ్యో! అయితే సమాధి దగ్గరే అడుగుదాం. ఏ చర్చి?"

"గుర్తు లేదు."

"ఊళ్లో వాకబు చేద్దాం. అట్నుంచటే, మీ పిస్తోలుకు బలైపోయిన స్నేహితుడి అన్నగారింటికి."

"ఆ స్నేహితుడికి అన్న లేడు."

"మొన్న ఉన్నాడన్నారే?"

ఆమె తన చేత్తోనే అతనికి ఉన్నికోటు తొడిగి, మెడదాకా బొత్తాలు పెట్టింది. మెట్ల కింది దాకా నడిపించింది. అక్కడ అతను మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఆగిపోయాడు.

"పెన్జాలో ఎవరూ లేరండీ. ఎవరూ ఏట్లో దూకలేదు. నేను పిస్తోలు పేల్చలేదు. సైన్యం గోదాముల్లో గుమాస్తాగా ఉండేవాణ్ణి. జలుబు పట్టి వదలకపోతే మానేశాను."

చేసిన పాపానికైతే అగ్రఫేనాకు దారి తెలుసు. చేయని పాపాన్ని నెత్తిన పెట్టుకు ఊరేగితే అది ఏ పాపం? నిజంగా చెడ్డపని చేసినవాడు దాచుకుంటాడే! మంచివాడిగా ఉంటే ఎవరూ తన వైపు చూడరని ఈ అబ్బాయికి ఎవరు నేర్పారో. ఆ నేర్పినవాళ్లలో మనమూ ఉన్నామేమో.

లీపా శాలువా కప్పుకోకుండానే మెట్లు దిగి వచ్చింది.

"అంటే మీవల్ల ఎవరూ ఏడవలేదా?"

"ఎవరూ ఏడవలేదు."

"నేను ఏడ్చాను. చలికాలమంతా ఆ పిల్ల కోసం దీపం పెట్టాను. పేరు తెలియక, ఓ అభాగ్యురాలు అని ప్రార్థన చేశాను."

వలేరియాన్ తల ఎత్తి ఆమెను చూశాడు. ఇన్నాళ్లూ ఆమె భుజం మీదుగా దూరానికే చూసేవాడు. టోపీ తీసి, మంచులో మోకాళ్ల మీద కూర్చుని, నుదురు నేలకు ఆనించాడు.

"నన్ను క్షమించండి, ఒలింపియాదా సావ్విష్నా."

"దేవుడు క్షమిస్తాడు. నేనూ క్షమిస్తున్నా," అంది లీపా. చెయ్యిచ్చి లేపింది. "పెళ్లి మాట మాత్రం ఎత్తకండి. నేను మనసిచ్చిన మనిషి పెన్జాలో కూడా లేడుగా."

అతను మోకాళ్లకంటిన మంచు దులుపుకోవడం కూడా మరిచిపోయాడు.

"మరి... నేనిక రాకూడదా?"

లీపా అక్క వైపు చూడలేదు.

"రండి," అంది. "కానీ ఎవర్నీ చంపకుండా రండి."