రెండొందల కమీషను

గురజాలలో ఏటీఎంలు ఉన్నా, అవసరానికి వాటిలో డబ్బుండేది తక్కువ. అందుకని పున్నయ్య పురుగుమందుల కొట్టే ఆ వీధికి బ్యాంకు. కూలీలకు రొక్కం ఇవ్వాల్సిన రైతులు ఆయన ఫోనుకు డబ్బు కొట్టి, గల్లాలోంచి నోట్లు పట్టుకుపోయేవారు. వెయ్యికి పది రూపాయలు కమీషను. గల్లాలో మూలిగే రొక్కం ఖాతాకు చేరుతుంది, పైన నాలుగు రాళ్ళు మిగులుతాయి. ఇంత నికరమైన బేరం తన వ్యాపారంలో ఇంకొకటి లేదని పున్నయ్య లెక్క.

ఆ శ్రావణంలో ఎవరో కుర్రాడు ఇరవై వేలు కొట్టి, రెండొందల కమీషనుకు బేరమైనా ఆడకుండా నోట్లు జేబులో పెట్టుకుని పోయాడు.

వారం తిరక్కముందే ఖాతా ఆగిపోయింది. మిర్యాలగూడలో మణెమ్మ అనే రిటైరైన టీచరును పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి ఉన్న డబ్బంతా ఎవరో ఊడ్చేశారు. ఆ సొమ్ములో ముక్కే ఈ ఇరవై వేలు. ముక్క వచ్చి పడినందుకు ఖాతా మొత్తానికి తాళం పడింది. పురుగుమందుల కంపెనీకి కట్టాల్సిన ఎనిమిది లక్షలూ అందులోనే ఉన్నాయి. శనివారంలోగా కట్టకపోతే డీలర్‌షిప్, గురజాలలో కొట్టు తెరవాలని చూస్తున్న మాచర్ల వాళ్ళకు పోతుంది.

"నేను దొంగనా సార్?" అని బ్యాంకు మేనేజరును అడిగాడు.

"నేనన్లేదు పున్నయ్యగారూ. మిర్యాలగూడ పోలీసులు రాస్తే తీసేస్తాం."

పోలీసులేమో, తన డబ్బు ముట్టిందని ఆ టీచరమ్మ సంతకం పెడితే వెంటనే రాస్తామన్నారు. "మేం తోడు రాలేమయ్యా. యూనిఫామ్ చూస్తేనే ఆవిడ తలుపేసుకుంటోంది," అన్నాడు కానిస్టేబులు.

ఇరవై వేలు పోతే పోయె, కొట్టు దక్కుతుంది. స్టేషన్లో ఆవిడ నంబరు, ఇంటి గుర్తులు తీసుకుని పున్నయ్య ఫోన్ చేశాడు.

"అమ్మా, గురజాల నుంచి మాట్లాడుతున్నా. మీ డబ్బులు మీకిచ్చేద్దామని..."

"మల్ల మొదలువెట్టినవా?" అని పెట్టేసింది మణెమ్మ. తర్వాత ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

శుక్రవారం పొద్దున బావమరిది దగ్గర ఇరవై వేలు చేబదులు తీసుకుని మిర్యాలగూడ బస్సెక్కాడు. మణెమ్మ తలుపు తీయలేదు. కిటికీ రెక్క కొంచెం తెరిచింది.

"ఇదిగోనమ్మా ఆధార్. ఇదిగో నా కొట్టు లైసెన్సు."

"వాడు గూడ కార్డు జూపిండు. వెనకాల జెండా వెట్టుకోని మరీ జూపిండు."

"వాడు తీసుకున్నాడమ్మా! నేను ఇస్తానంటున్నా గదా!"

"గట్లనే అన్నడు. నీ పైసలు నీకే వాపస్ వస్తయ్, సంతకం వెట్టమన్నడు. మా ఆయన పింఛను గూడ వాయె. ఇగ నా తాన ఏం లేదు, పో."

"నన్ను నమ్మమాకండి. స్టేషన్‌కు ఫోన్ చేసి అడగండి."

"ఆ నంబరు గూడ నువ్వే ఇస్తవ్!"

పున్నయ్య రైతు ముఖం చూసి అరువు ఇవ్వొచ్చో లేదో చెప్పగలడు. తన ముఖం ఇంకొకరికి పూచీగా చూపించాల్సిన రోజు ఎన్నడూ రాలేదు. నోట్లు కిటికీ గట్టు మీద పెట్టాడు. మణెమ్మ చీపురు కర్రతో వాటిని బయటికి తోసేసింది. పున్నయ్య వంగి ఏరుకుంటుంటే గేటు దగ్గర ఇరుగుపొరుగు పోగయ్యారు. ఒకతను ఫోనెత్తి వీడియో తీస్తున్నాడు. "పోతవా, పోలీసులను పిలవాల్నా?" అన్నాడు.

బస్టాండులో ఉండగా భార్య పుల్లమ్మ ఫోన్ చేసింది.

"సంతకం పెట్టిందా?"

"లేదే."

"ఎదురు డబ్బులిస్తుంటే తీసుకోదా? పిచ్చిదా ఏంది?"

"పిచ్చిది కాదే. ఎవడన్నా ఇట్టా మనింటికొస్తే నువ్వు గూడా తలుపు తియ్యమాక."

"మరి మన కొట్టో?"

పున్నయ్య ఇంటి స్థలం, ఊళ్ళలో రావాల్సిన అరువులు, ఉన్న సరుకు అన్నీ మనసులో కూడాడు. ఎటు తిప్పినా రేపటికి చేతికొచ్చేది లేదు.

"మాచర్ల వాళ్ళ నంబరు చూడు," అన్నాడు చివరికి. "ర్యాకులు, కాటా కొంటారేమో అడుగుదాం. కొత్త కొట్టు గదా, కావాల్సొస్తయ్."